మారియో చేతులు పొట్టివి: స్మాష్ అల్టిమేట్‌లో అతనితో గెలిచే పద్ధతి

నింటెండో స్విచ్‌లో ఆడే పోట్లాట గేమ్ సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్‌లో 89 మంది ఫైటర్లున్నారు. ఆట కొత్తలో అదే పెద్ద చిక్కు. సెలవులకి అమెరికా నుంచి వచ్చిన అన్నయ్య సూట్‌కేసులోంచి స్విచ్ దిగిన ఇంట్లో రోజుకో ఫైటర్ మారుతుంటాడు. నెల తిరిగేసరికి అందరి దెబ్బలూ కాస్తకాస్త తెలుస్తాయి. ఇంతలో పక్క వీధి కుర్రాడెవడో ఒక్క మారియోతోనే వచ్చి మూడు స్టాకులూ, అంటే మూడు ప్రాణాలూ, ఊడగొట్టి పోతాడు.

మారియో దెబ్బలు చాలా త్వరగా బయటికొస్తాయి, తగిలితే ఒకదాని వెంట ఒకటి అల్లుకుపోతాయి (దీన్నే కాంబో అంటారు). లోపమల్లా చేతులు పొట్టివి కావడమే. క్లౌడ్, లూసీనా, సెఫిరాత్ లాంటి కత్తివాళ్ళు నిలబడ్డచోటు నుంచే కొడతారు. మారియో వాళ్ళ ఒళ్ళోకి దూరితే తప్ప ఏమీ చెయ్యలేడు. వీడియోల్లో చూసిన కాంబోలు బట్టీపట్టి వచ్చేవాళ్ళు తన్నులు తినేది ఇక్కడే: రెండో దెబ్బ నుంచి పదో దెబ్బ దాకా అన్నీ వచ్చు, మొదటి దెబ్బ తగిలించడమే రాదు. కాబట్టి ముందు దూరడం నేర్చుకోవాలి, కాంబో సంగతి తర్వాత.

లెక్కల విషయం ఒకటి. ఆట సెకనుకు 60 ఫ్రేములతో, అంటే 60 బొమ్మలతో, నడుస్తుంది. ఫలానా దెబ్బ 3వ ఫ్రేములో తగులుతుందంటే బటన్ నొక్కాక సెకనులో ఇరవయ్యో వంతుకే తగులుతుందని అర్థం. 2018 డిసెంబరు 7న గేమ్ విడుదలయ్యాక మూడేళ్ళపాటు ఫైటర్ల బలాలు మారుతూ వచ్చాయి. 2021 డిసెంబరులో వచ్చిన 13.0.1 వెర్షన్‌తో ఆ మార్పులు ఆగిపోయాయి. అందుకే ఇప్పుడు నేర్చుకున్న అంకె రేపు పాతబడదు. ఈ వ్యాసంలో చెప్పేదంతా టోర్నమెంట్లలో మామూలుగా ఆడే పద్ధతికి, అంటే ఇద్దరే, మూడేసి స్టాకులు, ఐటమ్స్ లేకుండా ఆడే ఆటకు.

ముందు కంట్రోలర్ సెట్టింగులు

వచ్చినవి వచ్చినట్టు ఉంచితే సగం తప్పులు వేళ్ళవి కావు, సెట్టింగులవే. స్టిక్ పైకి నెడితే దూకే ఏర్పాటును తీసెయ్యండి. మారియో ఆటలో అప్ టిల్ట్, అంటే స్టిక్‌ని మెల్లగా పైకి వంచి కొట్టే దెబ్బ, ప్రాణం. అది కొట్టబోయినప్పుడల్లా అతను ఎగిరిపడితే కాంబో అక్కడితో తెగిపోతుంది. కుడి స్టిక్‌ని టిల్ట్ అటాక్‌కి మార్చండి. గాల్లో ఎడమ స్టిక్‌తో వెనక్కి జరుగుతూనే కుడి స్టిక్‌తో ముందుకో వెనక్కో కొట్టడం దీనితో తేలిగ్గా కుదురుతుంది.

రెండు దూకే బటన్లు, అంటే ఎక్స్, వై, ఒకేసారి నొక్కితే చిన్న దూకు తప్పకుండా వస్తుంది. దూకే బటన్‌నీ కొట్టే బటన్‌నీ కలిపి నొక్కినా చిన్న దూకే, కానీ పైకి లేస్తూనే దెబ్బ పడిపోతుంది. మారియోకి కిందికి దిగుతూ కొట్టే దెబ్బే ఎక్కువ పనికొస్తుంది కాబట్టి రెండు బటన్ల పద్ధతినే అలవాటు చేసుకోండి.

టీవీ మీద ఆడితే టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టాలి. లేకపోతే బొమ్మకి మెరుగులు దిద్దే పనిలో టీవీ ఆలస్యం చేస్తుంది, మీరేమో దెబ్బ ఆపే కవచం, షీల్డ్, వేళకి వెయ్యలేకపోతున్నానని మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. మే నెలలో బెజవాడలో ఏసీ లేని గదిలో ఆడుతుంటే పక్కన పొడి గుడ్డ ఒకటి ఉంచుకోండి. చెమట బొటనవేలు స్టిక్ మీద జారిందంటే ముందుకు కొట్టాల్సింది పైకి పోతుంది. స్విచ్‌తో వచ్చే జాయ్‌కాన్ కంట్రోలర్ స్టిక్ పాతబడి, వేలు పెట్టకపోయినా మారియో తనంతట తను నడుస్తున్నాడంటే దాన్ని మార్చాల్సిందే, సాధనతో పోయే జబ్బు కాదది.

దూరడం

కబడ్డీలో కూతకెళ్ళినవాణ్ణి గుర్తు తెచ్చుకోండి. అతను నేరుగా వెళ్ళి మీద పడడు. గీత దాకా వెళ్ళి, అవతలివాడు చెయ్యి చాపేలా చేసి, చాపగానే వెనక్కి లాగి, ఆ చెయ్యి వెనక్కి పోయేలోపు తాకి వస్తాడు. మారియో పనీ అదే. అవతలివాడి కత్తి కొసకి జానెడు ఇవతల ఆగడం, అతను విసిరాక లోపలికి పోవడం.

దీనికి కావలసింది డాష్. స్టిక్‌ని ముందుకు ఒక్కసారి గట్టిగా తడితే పరుగులో తొలి విసురు వస్తుంది. అది సాగుతుండగానే వెనక్కి తడితే వెంటనే తిరుగుతాడు. ముందుకూ వెనక్కూ ఇలా ఊగుతూ ఉంటే మీరు ఎప్పుడొస్తారో అవతలివాడికి అంతు పట్టదు. చాలామంది చేసే తప్పు వేగంగా ఊగడం. తాళం వేసినట్టు ఒకే లయలో ఊగితే రెండు నిమిషాల్లో అవతలివాడికి లయ దొరికిపోతుంది. రెండుసార్లు ఊగి ఒకసారి ఆగండి, ఒకసారి నడవండి. మామూలుగా నడవడం అనే పద్ధతిని అందరూ మర్చిపోతారు. నడుస్తున్నప్పుడు టిల్టులన్నీ చేతిలోనే ఉంటాయి, పరుగులో అంత తేలిగ్గా రావు.

నిప్పుబంతి దెబ్బకోసం కాదు, అవతలివాడితో ఏదో ఒకటి చేయించడానికి. అది నేలమీద ఎగురుతూ పోతుంటే అతను దూకాలి, షీల్డ్ వెయ్యాలి, లేదా కొట్టి చెరపాలి. మూడింటిలో ఏది చేస్తాడో మొదటి స్టాకులోనే గమనించండి. దూకేవాడైతే బంతి వెనకాలే పరుగెత్తి దిగేచోట అప్ టిల్ట్ కొట్టండి. షీల్డ్ వేసేవాణ్ణి పట్టుకుని విసరండి. అంతేగాని దూరంగా నిలబడి వరసపెట్టి బంతులు వేస్తే లాభం లేదు. బంతి బయటికి రావడానికే 14 ఫ్రేములు పడుతుంది, దగ్గర్లో ఉన్నవాడు ఆ లోపే వచ్చి మీద పడతాడు.

గాల్లోంచి దూరడానికి బెయిర్, అంటే గాల్లో వెనక్కి తన్నే తన్ను, మారియోకి ఉన్న మంచి పొడవైన దెబ్బల్లో ఒకటి. 6వ ఫ్రేములో తగులుతుంది. అందుకే తెలిసినవాళ్ళు అవతలివాడి వైపు వీపు పెట్టి దూకుతారు: ముందుకు డాష్, వెంటనే స్టిక్ వెనక్కి తట్టి తిరుగు, తిరిగిన క్షణంలోనే దూకు, గాల్లో స్టిక్ మళ్ళీ శత్రువు వైపు. తిరగకముందే దూకితే మొహం ముందుకే ఉండిపోయి ఫెయిర్, అంటే గాల్లో ముందుకు కొట్టే దెబ్బ, వస్తుంది. ఫెయిర్ తగలడానికి 16 ఫ్రేములు. ఈ లోపు అవతలివాడు టీ తాగి వచ్చి కొట్టొచ్చు.

ఏ శాతంలో ఏది

స్మాష్‌లో దెబ్బ తిన్నకొద్దీ శాతం పెరుగుతుంది, శాతం పెరిగినకొద్దీ ఫైటర్ దూరం ఎగురుతాడు. తెర దాటి ఎగిరిపోతే ఒక స్టాకు పోయినట్టే. కాబట్టి ఒకే దెబ్బకు ఒకచోట కాంబో, ఇంకోచోట కేవలం దూరం. మారియోని నేర్చుకోవడమంటే చాలావరకు ఈ నిచ్చెన కంఠస్థం చెయ్యడమే.

సున్నా నుంచి సుమారు 30 శాతం దాకా అప్ టిల్ట్ రాజ్యం. 5వ ఫ్రేములో తగిలి అవతలివాణ్ణి నెత్తిమీదకి లేపుతుంది, అతను దిగేసరికి మరోటి సిద్ధం. పట్టుకున్నా సరే, కిందికి విసిరి వెంటనే అప్ టిల్ట్. కాస్త శాతం పెరిగి అతను అప్ టిల్ట్‌కి అందనంత ఎత్తు ఎగరడం మొదలుపెట్టగానే అప్ ఎయిర్‌కి, అంటే గాల్లో పైకి కొట్టే దెబ్బకి, మారాలి. గాల్లో వెంటపడి ఒకటి, డబుల్ జంప్‌తో రెండోది, అందితే మూడోది. ఇక్కడే చాలామంది చేతులు ఆగవు. 40 దాటినా అప్ టిల్ట్ కొడుతూనే ఉంటారు, అవతలివాడు అందకుండా పోతాడు, వీళ్ళేమో కాంబో పనిచెయ్యట్లేదంటారు.

బరువునిబట్టి ఈ అంకెలు జరుగుతాయి. మారియో బరువు 98. బౌసర్ 135, అతన్ని ఇంకాస్త ఎక్కువ శాతం దాకా అప్ టిల్ట్‌తో నెత్తిన నిలపొచ్చు. జిగ్లీపఫ్ 68, రెండు దెబ్బలకే బూరలా తేలిపోతుంది. మీతో తరచూ ఆడే నలుగురి ఫైటర్లనీ ట్రైనింగ్ మోడ్‌లో ఎదురుగా నిలబెట్టి, శాతాన్ని 0, 10, 20, 30 చొప్పున పెంచుతూ ఎక్కడ తెగుతుందో కాగితం మీద రాసుకోండి. 89 మందికీ రాయక్కర్లేదు.

మధ్య శాతాల్లో దిగుతూ కొట్టే అప్ ఎయిర్ విలువైనది. చిన్న దూకులో పైన కాకుండా కిందికి వచ్చేటప్పుడు తగిలిస్తే అవతలివాడు తక్కువ ఎత్తులోనే ఉంటాడు, మీరు ముందే నేలమీద దిగి ఉంటారు. అక్కణ్ణుంచి పట్టుకోవడం, అప్ టిల్ట్, శాతం ఎక్కువైతే అప్ స్మాష్, అంటే పైకి బలంగా కొట్టే దెబ్బ. ఇది చేతికి రావడానికి వారాలు పడుతుంది. సాధన పెట్టాల్సిన కాంబో ఏదైనా ఉంటే ఇదే.

చంపే దెబ్బల విషయంలో మారియో పిసినారి. అప్ స్మాష్ 9వ ఫ్రేములో తగులుతుంది, దిగుతున్నవాడి కింద కాచుకుని కొట్టడానికి బాగుంటుంది. ఫార్వర్డ్ స్మాష్‌లో మంట చివర తగిలితేనే పూర్తి బలం, మీద పడి కొడితే సగం వృథా. స్టేజి అంచున బెయిర్. అంచు వైపు మీ వీపు ఉండగా అవతలివాణ్ణి పట్టుకుంటే వెనక్కి విసరడం, శాతం వంద బాగా దాటాక అదీ ప్రాణం తీస్తుంది.

వీటిని చిల్లర ఖర్చు చేసినట్టు ముందే వాడెయ్యకండి. మీ చివరి 9 దెబ్బల్ని ఆట గుర్తుపెట్టుకుంటుంది, ఆ వరసలో ఉన్న దెబ్బకి బలం తగ్గిస్తుంది. 40 శాతం దగ్గర నాలుగు బెయిర్లు కొట్టి, 110 దగ్గర ఐదోది కొట్టి, ఇంకా చావలేదేంటని ఆశ్చర్యపడటం రోజూ జరిగేదే. అప్ టిల్ట్‌నీ నిప్పుబంతినీ కూలికి పెట్టండి, బెయిర్‌ని దాచుకోండి.

షీల్డ్ వెనక నుంచి

ఇది మారియోకి నిజమైన ఆస్తి. కొత్తవాళ్ళు షీల్డ్ వేసి, దెబ్బ ఆపి, షీల్డ్ దించి, అప్పుడు కొడతారు. షీల్డ్ దించడానికే 11 ఫ్రేములు పడుతుంది. మారియో జాబ్, అంటే నిలబడి కొట్టే మామూలు గుద్దు, 2వ ఫ్రేములో తగిలే దెబ్బే అయినా, కలిపితే 13. ఈ లోపు కొట్టినవాడు సర్దుకుంటాడు. దూకడం, పట్టుకోవడం, అప్ స్మాష్, అప్ బీ (స్టిక్ పైకి పెట్టి బీ బటన్ నొక్కితే ఎగురుతూ కొట్టే దెబ్బ), వీటికి మాత్రం షీల్డ్ దించక్కర్లేదు, షీల్డ్‌లోంచి నేరుగా వస్తాయి.

లెక్క చూడండి. అప్ బీ 3వ ఫ్రేము. మారియో దూకితే నేల వదలడానికి 3 ఫ్రేములు, కాబట్టి దూకి నెయిర్, అంటే స్టిక్ ఎటూ నెట్టకుండా గాల్లో కొట్టే దెబ్బ, కొడితే 3 కలిపి 3, మొత్తం 6. అప్ ఎయిర్ అయితే 7. అప్ స్మాష్ 9. వీపు అటువైపు ఉంటే బెయిర్ కూడా 9. పట్టుకోవడం మామూలుగా 6, షీల్డ్‌లోంచి అయితే ఇంకో 4 కలిసి 10.

అన్నిటికన్నా అప్ బీ వేగమని అదే కొట్టకండి. తప్పితే మారియో పైకెళ్ళి నిస్సహాయంగా కిందికి వస్తాడు, అవతలివాడు తీరిగ్గా స్మాష్ దెబ్బ బిగించి కాచుకుంటాడు. అవతలివాడు మీ షీల్డ్‌కి ఆనుకుని ఉండి, వెంటనే ఇంకో దెబ్బ వేస్తున్నాడని తెలిసినప్పుడు మాత్రమే అప్ బీ. కాస్త దగ్గర్లో ఉంటే నెయిర్, తప్పినా పెద్దగా పోయేదేం లేదు. షీల్డ్ మీద పెద్ద స్మాష్ కొట్టి బిగుసుకుపోయినవాడికి అప్ స్మాష్. లూసీనా లాంటి వాళ్ళు కత్తి కొసతో షీల్డ్‌ని తాకి దూరంగా నిలబడితే ఇవేవీ అందవు. అప్పుడు ఊరికే కొట్టకుండా షీల్డ్ దించి రెండడుగులు ముందుకు నడవండి. ఆ దూరాన్ని గెలుచుకోవడమే అప్పటికి లాభం.

షీల్డ్ నిండా ఉంటే 50 పాయింట్లు. ఎవరూ కొట్టకపోయినా పట్టుకుని ఉంటే సెకనుకు 9 చొప్పున కరిగిపోతుంది. అంటే ఐదున్నర సెకన్లలో ఖాళీ. భయంతో షీల్డ్ వేసుకుని కూర్చునే అలవాటుంటే ఈ లెక్క గుర్తుంచుకోండి. దెబ్బ తగిలే క్షణానికి సరిగ్గా షీల్డ్ బటన్ వదిలితే, వదిలాక తొలి 5 ఫ్రేముల్లో అది ప్యారీ అవుతుంది. మీకు షీల్డ్ నష్టం ఉండదు, పైగా అవతలివాడికన్నా ముందు కదలొచ్చు. కత్తివాళ్ళ మీద ఇది బాగా పనికొస్తుంది. కానీ ఆన్‌లైన్లో ఆలస్యం వల్ల ఎక్కువగా తప్పుతుంది, దాని మీద ఆట కట్టుకోకండి.

స్టేజి బయట

మారియో ఊపే గుడ్డ, అంటే కేప్, శత్రువుని వెనక్కి తిప్పేస్తుంది. పక్కనుంచి దూసుకుంటూ స్టేజి మీదకి రావాలని చూసేవాడికి కేప్ తగిలితే మొహం తిరిగి స్టేజి బయటికే పోతాడు. విసిరిన వస్తువుల్ని తిప్పికొట్టేదీ ఇదే. సామస్ అనే ఫైటర్ తన తుపాకీ దెబ్బ, ఛార్జ్ షాట్, నింపుకుని కూర్చున్నప్పుడు ఒక్కసారి తిప్పికొడితే చాలు, మళ్ళీ వదలడానికి వెనకాడుతుంది. నీళ్ళ గొట్టం, అంటే ఫ్లడ్, నష్టం కలిగించదు, తోస్తుంది, అంతే. పైకి రావడానికి అంచున బొటాబొటీగా లెక్క సరిపోయేవాళ్ళని ఆ తోపు చంపుతుంది. అవతలివాడు ఎగిరిపడ్డప్పుడల్లా ఖాళీ దొరికితే నింపి ఉంచుకోండి, మధ్యలో షీల్డ్ నొక్కితే నిండినంత మిగిలే ఉంటుంది.

మారియో తిరిగి రావడం మాత్రం అంత గొప్పగా ఉండదు. అప్ బీ పైకి బాగానే పోతుంది, పక్కకి తక్కువ. డబుల్ జంప్‌ని ఎగిరిపడిన వెంటనే వాడేస్తే సగం చావు ఖాయం. ముందు స్టిక్‌తో స్టేజి వైపు జరగండి, అవసరమైతే గాల్లో ఒకసారి కేప్ ఊపి కాస్త నిలదొక్కుకోండి, డబుల్ జంప్ ఆ తర్వాత. అంచు పట్టుకున్నాక రోజూ ఒకే పద్ధతిలో పైకి రావద్దు.

దెబ్బ తగిలి ఎగిరే క్షణంలో స్టిక్ వదిలెయ్యకండి. పక్కకి కొట్టినప్పుడు పైకి, స్టేజి వైపు వాలుగా పట్టుకుంటే తెర మూలకి ఎగురుతారు. మూల దూరం ఎక్కువ, కాబట్టి బతికే అవకాశమూ ఎక్కువ. నిట్టనిలువుగా పైకి కొట్టినప్పుడు పక్కకి పట్టుకోవాలి.

గాల్లో చిక్కినప్పుడు నెయిర్ 3వ ఫ్రేములోనే తగులుతుంది కాబట్టి వదులుగా ఉన్న కాంబోలోంచి బయటపడేస్తుంది. అదే వ్యసనమూ అవుతుంది. నాలుగోసారి కూడా నెయిరే కొడతారని తెలిశాక అవతలివాడు కింద షీల్డ్ వేసుకుని నిలబడి, దిగగానే పట్టుకుంటాడు. రెండుసార్లు నెయిర్ అయితే మూడోసారి ఏదీ నొక్కకుండా దూరంగా దిగండి.

సాధన

రోజుకి ముప్పావుగంట చాలు, అందులో తొలి పదిహేను నిమిషాలు ట్రైనింగ్ మోడ్‌లో. కుడివైపు పది, ఎడమవైపు పది చొప్పున ఇవి చెయ్యండి:

1. రెండు బటన్లతో చిన్న దూకు, దిగుతూ అప్ ఎయిర్, నేల తాకగానే అప్ టిల్ట్. తొలి రోజుల్లో వేగాన్ని సగానికి తగ్గించుకుని మొదలుపెట్టండి.
2. డాష్, తిరుగు, దూకు, బెయిర్.
3. షీల్డ్‌లోంచి నెయిర్. దీనికి రెండో కంట్రోలర్‌తో ఎవరైనా కొడుతుండాలి.

ఎడమవైపు చేసేటప్పుడు పదిలో ఆరు తప్పుతున్నాయంటే మ్యాచ్‌లో అటువైపు ఆ కాంబో మీకు లేనట్టే.

లెవెల్ 9 కంప్యూటర్‌తో గంటలు గంటలు ఆడటం వద్దు. మనిషి వెయ్యలేనంత వేగంగా అది షీల్డ్ వేస్తుంది, మనిషి పడని చోట్ల పడుతుంది. దానిమీద గెలిచే అలవాట్లు మనుషుల ముందు చెల్లవు. మనుషులతోనే ఆడండి. ఈ ఆట ఆన్‌లైన్ మ్యాచ్‌కి మధ్యలో వేరే సర్వర్ ఉండదు, ఇద్దరి స్విచ్‌లూ నేరుగా కలుస్తాయి. దూరం పెరిగితే బటన్ ఆలస్యమూ పెరుగుతుంది. అందుకే ముక్కూమొహం తెలియని దూరపువాడికన్నా, విజయవాడలో మీరు, గుంటూరు బ్రాడీపేటలో మీ స్నేహితుడు పాస్‌వర్డు పెట్టి అరీనా, అంటే ఆటలోని ఆన్‌లైన్ గది, తెరిచి ఆడుకుంటే ఆట తేలిగ్గా నడుస్తుంది. ఇద్దరిలో ఒకడు వైఫై మీద ఉన్నా ఇద్దరికీ ఆట నత్తనడకే. ఓఎల్ఈడీ స్విచ్ డాక్‌కి ఇంటర్నెట్ కేబుల్ పెట్టే లాన్ పోర్టు ఉంది, పాత డాక్‌కి యూఎస్‌బీ అడాప్టర్ కొనుక్కోవాలి.

ఓడిపోయిన మ్యాచ్‌ల రిప్లే సేవ్ చెయ్యండి. చూసేటప్పుడు కాంబోలు చూడొద్దు. ప్రతి స్టాకులోనూ మొదటి దెబ్బ ఎవరిది, అప్పుడు మారియో ఎంత దూరంలో ఉన్నాడు, గాల్లో ఉన్నాడా నేలమీదా, ఈ మూడే రాసుకోండి. ఐదు మ్యాచ్‌లు రాసేసరికి కాగితం మీద ఒకే మాట పదేపదే కనబడుతుంది. సాధారణంగా అది 'పరుగెత్తుకుంటూ వెళ్ళి దూకాను' అనే మాటే. మరుసటి రోజు ఒక్క మ్యాచ్ అంతా దూకకుండా, నడకతోనూ షీల్డ్‌తోనూ ఆడండి. ఆ మ్యాచ్ ఓడిపోతారు, ఫర్వాలేదు, స్కోరు చూడకండి. అవతలివాడు ఎన్నిసార్లు గాల్లో ఊరికే కత్తి ఊపి మీ ముందు దిగాడో అది లెక్కపెట్టండి.